పిట్టల పుస్తకంలో కూలి మనుషులు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ పాత బొమ్మల మీద ప్రసంగానికి, ఇంతమంది వస్తారని నిర్వాహకులు కూడా అనుకున్నట్టు లేరు. వెనక ఇంకా కుర్చీలు సర్దుతున్నారు. వాళ్లు సర్దేలోగా మనం మొదలుపెడదాం. లైట్లు కాస్త తగ్గించండి.

తెర మీద ఉన్న బొమ్మ పేరు ‘కోతగాళ్లు’. వేసినవాడు జార్జ్ స్టబ్స్, ఇంగ్లండు చిత్రకారుడు. 1785లో నూనెరంగుల్లో వేశాడు. తర్వాత తనే దాన్ని రాగిరేకు మీదికి ఎక్కించి, 1791లో అచ్చుబొమ్మగా అమ్మకానికి పెట్టాడు. కోతకొచ్చిన చేను. మగవాళ్లు కొడవళ్లతో వంగి ఉన్నారు. ఒకతను పన కడుతున్నాడు. ఒకామె నిటారుగా నిలబడింది. గుర్రం మీద ఉన్నతను ఆసామి కావచ్చు, ఆసామి పెట్టుకున్న పెద్దమనిషి కావచ్చు, పని చూస్తున్నాడు. వెనక చెట్ల మధ్య చర్చి శిఖరం కనిపిస్తోంది.

ఇప్పుడు బట్టలు చూడండి. ఈ హాల్లో కోతకెళ్లినవాళ్లు ఉంటారు కదా, మీరే చెప్పండి. పొద్దెక్కేదాకా వంగి కోసినవాడి చొక్కా ఇలా ఉంటుందా? (నవ్వులు) తెల్ల మేజోళ్ల మీద ఒక్క నూగు లేదు. చొక్కాకి చెమట లేదు. ఆమె టోపీ ఇస్త్రీ పెట్టెలోంచి తీసి పెట్టుకున్నట్టుంది.

స్టబ్స్‌కి పని తెలియక ఇలా వేశాడనడానికి లేదు. అతను లివర్‌పూల్‌లో తోళ్లు బాగుచేసే ఇంట్లో పుట్టినవాడు. హార్క్‌స్టో అనే ఊళ్లో చచ్చిన గుర్రాలను నెలల తరబడి కోసి, పొరపొరా విప్పి చూసి, 1766లో గుర్రం శరీర నిర్మాణం మీద పుస్తకం వేశాడు. ఆ కంపు భరించినవాడికి చెమట తెలియకపోవడమేంటి! పైగా ఈ బొమ్మలో నడుములు వంగిన తీరులోనూ, చేతుల బిగువులోనూ అబద్ధం లేదు. ఒక్కొక్కరినీ పేరున్న మనిషిలా, గౌరవంగా వేశాడు. ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. అందుకే ఈ బొమ్మంటే నాకు ఇష్టం, అదే సమయంలో దీని మీద అనుమానం కూడా. మనిషిని నిజంగా వేసి, మనిషికి అంటిన మురికిని మాత్రం తుడిచేశాడు. ఎవరి కోసం తుడిచాడు? ఈరోజు నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న చుట్టూనే.

జవాబు సులభం. కొనేవాడి కోసం. అచ్చుబొమ్మ అంటే ఇంట్లో గోడకు తగిలించుకునే వస్తువు. దాన్ని కొనగలిగింది పట్నం వ్యాపారులు, వకీళ్లు, పాదిరీలు, చిన్నా పెద్దా భూస్వాములు. పొలంలో వంగినవాడు దాన్ని కొనడు, కొనలేడు. కొనేవాడికి పల్లె ప్రశాంతంగా కనపడాలి. అప్పట్లో అది ప్రశాంతంగా లేదు కాబట్టి ఇంకా బాగా కనపడాలి.

ఆ కాలంలో ఇంగ్లండు పల్లెల్లో రెండు పెద్ద సంగతులు జరుగుతున్నాయి. ఒకటి, ఉమ్మడి భూములకు కంచెలు పడటం. మన దగ్గర పోరంబోకు, బంచరాయి అంటామే, ఊరందరూ పశువుల్ని మేపుకుని, కట్టెలు కొట్టుకుని బతికే నేల, అలాంటిదాన్ని పార్లమెంటు చట్టాలతో పంచి, సొంత ఆస్తిగా మార్చేశారు. 18వ శతాబ్దం మధ్య నుంచి 19వ శతాబ్దం మొదటి భాగం దాకా ఇలాంటి చట్టాలు సుమారు 4,000 వచ్చాయి. పంపకంలో భూమి ఉన్నవాడికి ఇంకాస్త భూమి దక్కింది. లేనివాడికి ఆవును కట్టేసుకునే చోటు కూడా పోయింది.

రెండోది పరిగ. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవడం మనకు కొత్త కాదు. అక్కడా బీదవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లూ పిల్లలూ, అది తమ హక్కు అనుకునేవాళ్లు. సఫోక్‌లోని టిమ్‌వర్త్ అనే ఊళ్లో మేరీ హౌటన్ అనే ఆమె పరిగ ఏరిందని జేమ్స్ స్టీల్ అనే భూయజమాని కోర్టుకు లాగాడు. 1788లో తీర్పు వచ్చింది. పరిగ ఏరుకునే హక్కు చట్టంలో ఎవరికీ లేదు అని. చాలా ఊళ్లలో ఆ తర్వాత కూడా ఏరుకుంటూనే ఉన్నారు, తీర్పులు ఊళ్లకు అంత త్వరగా చేరవు. కానీ చట్టం మాత్రం చేను యజమాని వైపు తిరిగింది. ఆ తీర్పుకి మూడేళ్ల తర్వాత అమ్మకానికొచ్చింది ఈ అచ్చుబొమ్మ. ఇందులో పరిగ ఏరే మనిషి ఒక్కరూ లేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే స్టబ్స్‌కి అన్యాయం చేసినట్టవుతుంది. ఈ అచ్చుబొమ్మలు అతనికి పెద్దగా డబ్బులేమీ తేలేదు. కొనేవాడి కోసం శుభ్రం చేసినా ఆ కొనేవాడు బారులు తీరి రాలేదు.

సరే, కొంచెం సాంకేతికం. భయపడకండి, రెండు నిమిషాలే. రాగిరేకు మీద బొమ్మ చేయడానికి అప్పట్లో కొన్ని పద్ధతులుండేవి. సన్నటి ఉక్కు ఉలితో గీత చెక్కడం ఒకటి. గీసిన గీతల్ని యాసిడ్‌తో తినిపించడం ఇంకొకటి, అంటే ఎచింగ్. మనవాళ్లకు ఎచింగ్ అంటే చిత్రకారులు లక్ష్మా గౌడ్ గారి పేరు చాలు, వివరించక్కర్లేదు. మూడోది మెజ్జోటింట్. ఇందులో ముందు రేకు మొత్తాన్నీ పళ్లున్న పనిముట్టుతో గరుకుగా చేస్తారు. అలాగే సిరా పూసి అచ్చు వేస్తే కాగితం అంతా నల్లగా వస్తుంది. తర్వాత ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గీకి నునుపు చేస్తూ పోతారు. అంటే చీకట్లోంచి బొమ్మను బయటికి తీస్తారన్నమాట. నీడలు మఖమల్‌లా వస్తాయి. ఇబ్బంది ఏంటంటే, ఆ గరుకు త్వరగా అరిగిపోతుంది. కొన్ని వందల కాపీలు మించితే బొమ్మ వెలిసిపోతుంది. కాబట్టి ధర ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ.

మెజ్జోటింట్‌లో పల్లెటూరి బొమ్మలంటే జార్జ్ మోర్లండ్ పేరు ముందొస్తుంది. 1763లో పుట్టాడు, 1804లో అప్పులవాళ్ల నిర్బంధంలోనే పోయాడు. ఈ మధ్యలో పాకలు, పందులు, సత్రాల ముందు ఆగిన గుర్రాలు, తాగుతూ కూర్చున్న పాలేర్లు, ఇలా లెక్కలేనన్ని వేశాడు. అతని బొమ్మల్ని అచ్చుకు చెక్కినవాళ్లలో ముఖ్యుడు విలియం వార్డ్. వీళ్లిద్దరిదీ కుండమార్పిడి సంబంధం. మోర్లండ్ వార్డ్ చెల్లెల్ని చేసుకున్నాడు, వార్డ్ మోర్లండ్ చెల్లెల్ని చేసుకున్నాడు. (నవ్వులు) లండన్‌లో కూడా అంతే మరి.

మోర్లండ్ బొమ్మల్లో మురికి ఉంది. గోడలు పెచ్చులూడతాయి, పైకప్పు గడ్డి చెదిరి ఉంటుంది. స్టబ్స్ మేజోళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఊపిరాడుతుంది. కానీ అమ్మేవాడు పెట్టిన పేర్లు చూడండి. 1788లో జాన్ రాఫెల్ స్మిత్ అనే వ్యాపారి మోర్లండ్ బొమ్మలు రెండు జంటగా అచ్చేశాడు. ఒకటి ‘కష్టపడే పాక ఇల్లాలు’, రెండోది ‘బద్ధకపు చాకలామె’. రెండింటినీ చెక్కింది ఎవరో తెలుసా? కవి విలియం బ్లేక్. కూటి కోసం చెక్కుడు పని చేసుకునే రోజులవి. చూశారుగా, జంట బొమ్మలు హాల్లో చెరో పక్కా తగిలించుకుంటే, ఇంటికొచ్చిన చుట్టం చూసి ‘బీదతనం ఎందుకొస్తుందంటే బద్ధకం వల్ల’ అనుకుని కాఫీ తాగి వెళ్తాడు. బొమ్మలో మురికి ఉన్నా పర్వాలేదు, ఆ మురికి బీదవాడి తప్పే అయితే.

ఫ్రాన్సుకి త్వరగా వెళ్లొద్దాం. అక్కడ తత్వవేత్త దీదెరో బృందం విజ్ఞాన సర్వస్వం వేసింది. 1762 నుంచి 1772 దాకా 11 సంపుటాలు బొమ్మలకే కేటాయించారు. మొదటి సంపుటంలోనే వ్యవసాయం ఉంది. పేజీ పైసగంలో పొలం, దున్నేవాడు, విత్తేవాడు. కిందిసగంలో నాగలి భాగాలు ఒక్కొక్కటీ విడివిడిగా, అక్షరాలు గుర్తులు పెట్టి. ఆ పేజీ చూసి వడ్రంగి నాగలి చేయగలడు. దున్నేవాడి గురించి మాత్రం మనకేమీ తెలియదు. అతను నాగలికి వెనక భాగం, అంతే. పనిముట్టుకి అంత గౌరవం ఇచ్చి మనిషిని అంత చిన్నగా వేసిన బొమ్మలు నేనింకెక్కడా చూడలేదు.

ఆ తర్వాత 1789 వచ్చింది, ఫ్రెంచి విప్లవం వచ్చింది, బొమ్మలో సైజులు తారుమారయ్యాయి. ఇదిగో, ఈ బొమ్మ మీలో చాలామంది చరిత్ర పుస్తకాల్లో చూసి ఉంటారు. ముసలి రైతు పార మీద ఆనుకుని వంగి నడుస్తున్నాడు. వీపు మీద ఇద్దరు, ఒక మతాధికారి, ఒక జమీందారు. కింద పల్లెటూరి యాసలో ఒక వాక్యం. ‘ఈ ఆట త్వరలోనే అయిపోతుందని ఆశపడదాం’ అని. చవకబారు ఎచింగ్, చేత్తో పూసిన రంగు. గొప్ప గీత ఏమీ కాదు. కానీ దగ్గరగా చూస్తే కాగితం నిండా చదవాల్సినవే. పార మీద ‘కన్నీళ్లతో తడిసింది’ అని రాసి ఉంది. జమీందారు కత్తి మీద ‘నెత్తురుతో ఎర్రబడింది’ అని ఉంది. జేబుల్లోంచి కాగితాలు వేలాడుతున్నాయి. ఉప్పు పన్ను, పొగాకు, వెట్టి, చర్చికిచ్చే దశమ భాగం, ఒక్కోదాని మీదా ఒక్కో బాకీ పేరు.

కింద నేల మీద చూడండి. కుందేళ్లు కూరమొక్కలు కొరుకుతున్నాయి. పిట్టలు గింజలు తింటున్నాయి. ఇది అలంకారం కోసం పెట్టింది కాదు. వేట హక్కు జమీందారుదే. అతని కుందేలు మీ పంట తింటే మీరు కొట్టకూడదు. పావురాల గూళ్లు పెట్టుకునే హక్కూ వాళ్లదే. ఆ పావురాలు మీ విత్తనాలు ఏరుకు తింటుంటే మీరు చూస్తూ ఉండాలి. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రాన్సు జాతీయ సభలో మొదలై ఆ వారంలో పూర్తయిన తీర్మానాల్లో పావురాల గూళ్ల హక్కు, వేట హక్కు రెండూ రద్దయ్యాయి. తత్వవేత్తలు స్వేచ్ఛ గురించి రాస్తున్నారు, బొమ్మ వేసినవాడు కుందేలు గురించి వేశాడు. రైతు సంగతి తెలిసినవాడెవరో చెప్పనక్కర్లేదు.

అయితే ఈ బొమ్మలో రైతు కూడా రైతు కాదు, ఒక వర్గానికి గుర్తు. అతనికి ముఖం ఉంది కానీ పేరు పెట్టి పిలవలేం. అలా పిలవగలిగే మనుషుల కోసం మనం మళ్లీ సముద్రం దాటి ఇంగ్లండు ఉత్తరాదికి, న్యూకాజిల్ దగ్గరికి వెళ్లాలి. ఈ ప్రసంగంలో నాకు అసలు ఇష్టమైన మనిషి అక్కడ ఉన్నాడు.

థామస్ బ్యూయిక్. 1753లో టైన్ నది ఒడ్డున చెర్రీబర్న్ అనే చోట పుట్టాడు. తండ్రి కౌలు రైతు. దాంతోపాటు చిన్న బొగ్గు గని నడిపేవాడు. పిల్లవాడికి బొమ్మల పిచ్చి. పుస్తకాల అంచుల్లో ఖాళీ అయిపోయాక ఇంటి నేల మీద, చర్చి దగ్గర సమాధి రాళ్ల మీద సుద్దముక్కతో గీసేవాడని తన ఆత్మకథలో రాసుకున్నాడు. 14 ఏళ్ల వయసులో, 1767లో, న్యూకాజిల్‌లో రాల్ఫ్ బీల్బీ అనే చెక్కుడు పనివాడి దగ్గర శిష్యుడిగా చేర్పించారు. అక్కడ పనేంటి? తలుపుల మీద పేర్లు, వెండి చెంచాల మీద అక్షరాలు, కుక్కల మెడపట్టీలు, శవపేటికల రేకులు. వచ్చిన పని వచ్చినట్టు చేయడమే. తర్వాత అదే అంగడిలో భాగస్వామి అయ్యాడు. మధ్యలో లండన్ వెళ్లి కొన్ని నెలలుండి, నచ్చక తిరిగొచ్చేశాడు. తల్లీతండ్రీ ఉన్నన్నాళ్లు న్యూకాజిల్ నుంచి చెర్రీబర్న్‌కి నడిచి వెళ్లొచ్చేవాడు. ఇద్దరూ 1785లోనే పోయారు. స్టబ్స్ కోతగాళ్లను వేసిన ఏడాది.

ఇతను రాగి వదిలి కర్ర పట్టుకున్నాడు. కర్ర అచ్చు కొత్తది కాదు, పాతకాలపు మోటు పద్ధతి. మామూలుగా చెట్టును నిలువుగా కోసిన పలక మీద కత్తితో చెక్కేవాళ్లు. పీచు అడ్డం పడుతుంది, సన్నగీత రాదు. బ్యూయిక్ బాక్స్‌వుడ్ అనే చెట్టును అడ్డంగా కోసి, ఆ ముఖం మీద రాగికి వాడే ఉలితోనే చెక్కాడు. ఈ చెట్టు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కర్ర ఇనుములా గట్టిగా ఉంటుంది. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కాండం సన్నం కాబట్టి దిమ్మ చిన్నదే వస్తుంది. చెక్కిన గీత తెల్లగా పడుతుంది, మిగిలినదంతా నలుపు. అతను బొమ్మను తెల్లగీతల్లోనే ఆలోచించాడు.

కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రం, అదే ట్రెడిల్ ప్రెస్‌లో పనిచేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఇద్దరు చేతులెత్తారు. మీకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. రాగిరేకు అచ్చుకి వేరే ప్రెస్ కావాలి, బొమ్మను వేరే కాగితం మీద వేసి పుస్తకంలో కుట్టాలి. కర్రదిమ్మ ఎత్తు టైపు ఎత్తుకి సమానంగా చేస్తే, అక్షరాల పక్కనే పెట్టి బిగించి ఒకే దెబ్బలో అచ్చేయొచ్చు. ఖర్చు పడిపోతుంది. పైగా అరగదు. న్యూకాజిల్ పత్రిక కోసం తాను చెక్కిన ఒక దిమ్మ 9,00,000కు పైగా అచ్చులు పడ్డాక కూడా పనిచేస్తోందని బ్యూయిక్ రాసుకున్నాడు. కొన్ని వందలకే వెలిసిపోయే మెజ్జోటింట్‌ని తలుచుకోండి.

1790లో నాలుగు కాళ్ల జంతువుల మీద పుస్తకం వేశాడు. 1797లో బ్రిటన్ పక్షుల మీద మొదటి సంపుటం, 1804లో నీటిపక్షుల సంపుటం. బాగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఒక పిట్ట గురించి రాసింది పేజీ మధ్యలో అయిపోతుంది. కింద తెల్లగా చోటు మిగులుతుంది. ఆ చోటులో బ్యూయిక్ చిన్న బొమ్మలు పెట్టాడు. చాలావాటికి వెడల్పు మూడంగుళాలే. పైనున్న పిట్టకీ కిందున్న బొమ్మకీ సంబంధం ఉండదు. ఆ బొమ్మలు వేయమని ఎవరూ అడగలేదు. వాటి కోసం ఎవరూ పుస్తకం కొనలేదు. పిట్టల కోసం కొన్న పుస్తకంలో కూలివాడు ఉచితంగా వచ్చాడు. అందుకే అతని బట్టలు ఎవరూ ఉతకలేదు.

ఒకటి దగ్గరగా చూద్దాం, పెద్దది చేయండి. నది. ఒక మనిషి ఆవు తోక పట్టుకుని నీళ్లలో దిగి దాటుతున్నాడు. వెనక వంతెన కనిపిస్తూనే ఉంది. మరి వంతెన మీద ఎందుకు వెళ్లలేదు? వంతెన దాటాలంటే సుంకం కట్టాలి. ఆ చిల్లర మిగుల్చుకుందామని నీళ్లలో దిగాడు. గాలి వీచింది, నెత్తిమీది టోపీ ఎగిరి నీళ్లలో పడింది. రెండు చేతులూ తోకకే, టోపీ అందుకోవడానికి చెయ్యి లేదు. టోపీ ఖరీదు సుంకం కంటే ఎక్కువే. నవ్వొస్తుంది. నవ్వాక ఒక క్షణం ఆగితే, ఒక్క కాసు కోసం నదిలో దిగే బతుకు కనిపిస్తుంది. ఆవు కళ్లు చూడండి, దానికిదంతా మామూలే. వంతెన, సుంకం, ఆవు, గాలి, టోపీ, ఇన్ని సంగతులూ మూడంగుళాల్లో ఇరికాయి. స్టబ్స్‌కి అంత పెద్ద చేను ఉండి కూడా ఒక్క సంఘటన జరగలేదు.

ఇంకొన్ని త్వరగా చూపిస్తాను. రోడ్డు పక్కన రాళ్లు కొట్టేవాడు. మంచులో బక్కచిక్కిన గొర్రె, తినడానికేమీ లేక అరిగిపోయిన చీపురు కొరుకుతోంది. పెద్ద బంగళా గేటు ముందు కట్టెకాలు మాజీ సిపాయి బొమిక చీకుతున్నాడు, ఎదురుగా అతనంత ఆకలితో ఉన్న కుక్క. ఇది యుద్ధాల కాలమని గుర్తుంచుకోండి, ఫ్రాన్సుతో పోరు నడుస్తోంది. ఇంకోచోట ఏదో ఘన విజయానికి గుర్తుగా నిలబెట్టిన రాయి. ఒక గాడిద దానికి వెనకభాగం ఆనించి గోక్కుంటోంది. (నవ్వులు) దానికి నేను వ్యాఖ్యానం చేయను.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. పక్షుల మొదటి సంపుటంలో ఒక పెరటి బొమ్మ ఉంది. అందులో ఒకతను దొడ్డికి కూర్చున్నాడు, చాటు సరిగ్గా లేదు. పల్లెలో చూసినదే వేశాడు. పుస్తకం బయటికొచ్చాక మర్యాదస్తులు ఇబ్బంది పడ్డారు. అప్పుడు కొన్ని ప్రతుల్లో ఆ చోట సిరా పూశారు. తర్వాతి అచ్చులకి దిమ్మనే మార్చి, అడ్డంగా పలకలు వేశారు. అంటే కొనేవాడు ఇక్కడికీ వచ్చాడు, ఆలస్యంగా. పేజీ అడుగున కూడా పూర్తి స్వేచ్ఛ లేదు.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది, అడగమ్మా. ఆడవాళ్ల సంగతేంటి అని అడుగుతోంది. మంచి ప్రశ్న. స్టబ్స్ దగ్గరికే ముందు వెళ్దాం. ఈ కోతకి జంటగా గడ్డికోత బొమ్మ వేశాడు. అందులో ఆడవాళ్లే ముఖ్యం. నడిమధ్య ఒకామె పాయల కర్ర పట్టుకుని సూటిగా మనవైపే చూస్తూ నిలబడుతుంది. గడ్డి ఎండబెట్టడం, పోగుచేయడం వాళ్ల పనే. కొడవలి కోతలోనూ వాళ్లుండేవాళ్లు. తర్వాత్తర్వాత నిలబడి రెండు చేతులతో ఊపి కోసే పొడుగు కొడవలి పంటకోతకూ వచ్చింది, అది మగవాళ్ల చేతికి వెళ్లింది, కోతకూలిలో ఆడవాళ్ల వాటా తగ్గింది. ఈ మార్పు స్టబ్స్‌లో కనపడదు, అతని కోతగాళ్ల చేతిలో ఇంకా చిన్న కొడవలే. ఇక బ్యూయిక్ ఆడవాళ్లు ఎప్పుడూ పనిలోనే ఉంటారు, ఆ పని ఎప్పుడూ పాడైపోతూనే ఉంటుంది. ఉతికి ఆరేసిన బట్టల మీద కోళ్లు నడిచిపోతాయి. జంతువుల పుస్తకంలో ఒక బొమ్మ, చంటిపిల్లవాడు గుర్రప్పిల్ల తోక లాగుతున్నాడు, అది కాలెత్తింది, చూసుకోవాల్సిన దాది ఎక్కడో కబుర్లలో ఉంది, తల్లి పరిగెత్తుకొస్తోంది. తప్పు ఎవరిమీద పడింది? దాది మీద. బ్యూయిక్ కూడా పనిమనిషి మీద జోకు వేయగలడు. నేను అతన్ని దేవుణ్ణి చేయడం లేదు. అతని నవ్వు చాలాసార్లు బీదవాడి మీదే పడుతుంది. కాకపోతే ఆ నవ్వు పక్కన నిలబడి నవ్వేవాడిది, మేడ మీంచి నవ్వేవాడిది కాదు.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. ఈ చిన్న బొమ్మలన్నీ అతని ఒక్కడి చేతివి కావు. శిష్యులు రాబర్ట్ జాన్సన్, ల్యూక్ క్లెనెల్ కొన్ని గీశారు, చాలా చెక్కారు. క్లెనెల్ కూడా పల్లె నుంచి వచ్చిన రైతు బిడ్డే. పుస్తకం అట్ట మీద మాత్రం ఒక్క పేరే. కూలివాళ్ల బొమ్మల వెనక కూలి పని చేసినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి ఇంకెప్పుడైనా వివరంగా చెప్పుకోవాలి.

బ్యూయిక్ 1822లో ఆత్మకథ రాయడం మొదలుపెట్టాడు. 1828లో చనిపోయాడు. కూతురు జేన్ దాన్ని 1862లో అచ్చువేయించింది. అందులో తన ఊరి ఉమ్మడి భూమి గురించి కొన్ని పేజీలు ఉన్నాయి. అక్కడ ఊరివాళ్లు ఆవునో కొన్ని గొర్రెలనో మేపుకునేవాళ్లు, చిన్న పాకలు వేసుకుని తేనెటీగలు పెంచుకునేవాళ్లు. ఆ పాకల్లోని ముసలివాళ్లను, వాళ్ల కబుర్లను, పక్షుల గురించీ నక్షత్రాల గురించీ వాళ్లకున్న తెలివినీ పేరుపేరునా రాశాడు. 1812లో ఆ భూమిని పంచేశారు. బీదవాళ్లను వేళ్లతో సహా పెకలించారని కోపంగా రాశాడు. తాతల నాటి నుంచి అది బీదవాడి ఆస్తి అన్నది అతని వాదన. అయితే ఆ కోపం బొమ్మల్లో ఎక్కడా నినాదంగా రాలేదు. చీపురు కొరికే గొర్రెగా వచ్చింది.

చివరగా మన దేశానికి వద్దాం. ఇక్కడా సరిగ్గా అవే ఏళ్లలో ఇదే వ్యవహారం జరిగింది. ఫ్రాన్స్వా బాల్తజార్ సాల్విన్స్, ఆంట్‌వెర్ప్‌వాడు, 1791లో కలకత్తా వచ్చాడు. బతకడానికి కోచ్ బళ్లకీ పల్లకీలకీ రంగులు వేశాడు. బెంగాల్లో కనిపించిన కులాలు, వృత్తులు, పడవలు, పండగలు అన్నీ గీసి, 250 ఎచింగులు చేసి 1796 నుంచి 1799 మధ్య అక్కడే అచ్చేశాడు. మొదటి భాగంలోని 66 బొమ్మలూ కులాలూ వాటి పనులవే. నేతగాడు, కమ్మరి, కుమ్మరి, జాలరి, రైతు. ఒక్కొక్క మనిషి ముందు పెద్దగా, వెనక చిన్నగా అతని పని. వెలిసిన రంగులు, మోటు గీత.

కలకత్తాలోని ఇంగ్లీషువాళ్లకు నచ్చలేదు. వాళ్లకు కావలసింది గుళ్లు, కోటలు, జలపాతాలు, ఇంగ్లీషు చిత్రకారులు థామస్ డేనియల్, అతని సోదరుడి కొడుకు విలియం వేసినలాంటివి. ఎండలో నల్లబడ్డ కమ్మరిని గోడకు ఎవరు తగిలించుకుంటారు? సాల్విన్స్ నష్టపోయి 1803లో తిరిగి వెళ్లాడు. ఈలోగా లండన్‌లో ఎడ్వర్డ్ ఓర్మ్ అనే ప్రచురణకర్త అతన్ని అడగకుండానే 60 బొమ్మలు ఏరుకుని, చక్కగా తిరిగి గీయించి, మంచి రంగులద్ది అమ్మాడు. అట్ట మీద సాల్విన్స్ పేరే పెట్టాడు, అది ఇంకా దారుణం. ఆ పుస్తకం సాల్విన్స్ సొంత అచ్చు కంటే బాగా పోయింది. అవే మనుషులు, బట్టలు మాత్రం ఉతికారు. సాల్విన్స్ ఊరుకోలేదు. పారిస్‌లో 1808 నుంచి 1812 దాకా నాలుగు సంపుటాల్లో 288 బొమ్మలు మళ్లీ తనే చెక్కి అచ్చేశాడు. అదీ అమ్ముడుపోలేదు. చివరికి ఆంట్‌వెర్ప్ రేవులో ఉద్యోగం చేసుకుని 1824లో పోయాడు.

పక్క బల్ల మీద బ్యూయిక్ పేజీల నకళ్లు పెట్టాను, భూతద్దాలు కూడా ఉన్నాయి. మీద పడి తోసుకోకుండా వరసగా చూడండి. చివర్లో సాల్విన్స్ నేతగాడి బొమ్మ రెండు రకాలుగా పెట్టాను, అతను చెక్కింది ఒకటి, ఓర్మ్ అమ్మింది ఒకటి. మీలో మగ్గం తెలిసినవాళ్లు ఉంటే ఆ రెండింట్లో పని ఎందులో సరిగ్గా ఉందో చూసి నాకు చెప్పండి. ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.